గృహాంతర్భాగ ఛాయాచిత్రణము: వెలుగు, కొలత, మర్యాద

ఉర్దూ మాట్లాడే ఇండ్లలో గదిని కమరా అంటారు. బొమ్మ తీసే యంత్రాన్ని తెలుగువారూ ఉర్దూవారూ కూడ కెమెరా అంటారు. ఈ రెండు మాటలూ తోబుట్టువులని మనలో చాలమందికి తెలియదు. లాటిన్ భాషలో గదికి కామెరా అని పేరు. ఆ మాట పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చి కమరా అయినది. ఐరోపా శాస్త్రగ్రంథాల వెంట వచ్చి కెమెరా అయినది. కనుక గదిని చిత్రించే యంత్రం పేరులోనే ఒక గది ఉన్నది.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇండ్ల లోపలి గదులను చిత్రించడం గురించియే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి వచ్చే విద్యార్థులలో కెమెరా లేనివారు నేడు అరుదు. జేబులోని ఫోనే కెమెరా అయినది. ఇల్లు అమ్మదలచినవారు, అద్దెకు ఇవ్వదలచినవారు, తమ పనితనాన్ని పదిమందికి చూపదలచిన మేస్త్రీలు, వడ్రంగులు, గండికోట చూడవచ్చే యాత్రికులకు బస ఇవ్వదలచినవారు, అందరికీ ఇప్పుడు ఇంటి లోపలి బొమ్మలు కావాలి. పత్రికలకు ముఖచిత్రాలు కావాలి. ఈ పని బాగా నేర్చినవానికి జీవనోపాధి కూడ దొరకుతుంది.

అయితే ఇది కేవలం మీట నొక్కే పని కాదు. ఇంటి బొమ్మ అంటే, ఆ ఇంటిని చూడనివానికి ఇంటివారి పక్షాన మనం ఇచ్చే మాట. ఆ మాట నమ్మి ఒకడు బయానా ఇస్తాడు. ఒక కుటుంబం ఊరు మారుతుంది. అట్లే, ఆ బొమ్మ కోసం తలుపు తెరచిన ఇల్లాలి నమ్మకం కూడ మన చేతిలో ఉంటుంది. ఇచ్చిన మాట నిలవాలంటే మూడు సంగతులు తెలిసి ఉండాలి. అవి వెలుగు, కొలత, మర్యాద.

చీకటి గదిలో పుట్టిన విద్య

మన ప్రాంతపు పాత మిద్దె ఇండ్లను జ్ఞాపకం చేసుకొనండి. రాతిగోడల మీద దూలాలు, వాటిపై దంతెలు పరచి, ఆపైన చౌడుమట్టి కప్పి మిద్దె వేసేవారు. ఎండ తీవ్రత వలన గోడలకు కిటికీలు తక్కువ. వెలుగు కోసం, గాలి కోసం పైకప్పులో గవాచి విడిచేవారు. గవాచి మూతకు సన్నని చిల్లి ఉంటే, మధ్యాహ్నం వేళ చీకటి నేల మీద ఒక వెలుగు బిళ్ళ పడుతుంది. చిల్లి ముక్కోణంగా ఉన్నా, చదరంగా ఉన్నా, ఆ బిళ్ళ మాత్రం దాదాపు గుండ్రంగానే ఉంటుంది. అది చిల్లి బొమ్మ కాదు, సూర్యుని బొమ్మ. సూర్యగ్రహణం నాడు ఆ బిళ్ళయే నెలవంకగా మారుతుంది. అంటే మన మిద్దె ఇల్లే ఒక పెద్ద కెమెరా అన్నమాట.

ఈ వింతను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో అగ్రగణ్యుడు ఇబ్నుల్ హైసమ్. ఆయన సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో చాలకాలం నివసించి, సుమారు 1040లో మరణించినాడు. ఆయన రచించిన 'కితాబుల్ మనాజిర్' దృష్టిశాస్త్రానికి పునాది వంటి గ్రంథం. గ్రహణ సమయంలో చిన్న రంధ్రం గుండా పడే సూర్యబింబం నెలవంక రూపం దాల్చడాన్ని గురించి ఆయన ప్రత్యేకంగా ఒక రచన చేసినాడు. చీకటి గదికి ఆయన వాడిన అరబ్బీ మాటలో 'బైత్' అనే పదం ఉన్నది; బైత్ అంటే ఇల్లు. 1604లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ అదే చీకటి గదిని లాటిన్ భాషలో 'కామెరా అబ్స్క్యూరా' అన్నాడు. కెమెరా అనే పేరు స్థిరపడినది అక్కడి నుండియే.

ఛాయాచిత్రం పుట్టినది కూడ ఇంటి కిటికీ దగ్గరనే. నేడు మనకు మిగిలి ఉన్న తొలి ఛాయాచిత్రంగా చెప్పబడేది 1826 లేక 1827 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడు నియెప్స్ తన ఇంటి మేడ కిటికీ నుండి తీసినది. 1835 ఆగస్టులో ఇంగ్లండులో టాల్బట్ తన లాకాక్ భవనంలో గది లోపల నిలిచి, చిన్న గాజుపలకలు కూర్చిన కిటికీని కాగితపు నెగెటివ్ మీద పట్టినాడు. అది తపాలా బిళ్ళంత చిన్నది. ఇంటి లోపల నుండి వెలుగు వచ్చే దిక్కును చూచుటయే ఛాయాచిత్రణకు మొదటి పాఠమని ఈ చరిత్ర చెప్పుచున్నది.

హైదరాబాదు నుండి ఒక పాఠం

మన తెలుగునాట గృహాంతర్భాగ చిత్రణకు గొప్ప ఉదాహరణ రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపాన గల సర్ధనాలో జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వ నిర్మాణశాఖలో పనిచేసి, తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. 1880 దశకంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పినాడు. 1894లో నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్' అనే బిరుదునిచ్చినాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన 1905లో కీర్తిశేషుడైనాడు. ఆయన గాజుపలకల నెగెటివ్‌లలో పెద్ద భాగాన్ని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించినది.

నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కట్టనారంభించిన ఫలక్‌నుమా భవనపు లోపలి శాలలను దీన్‌దయాళ్ స్టూడియో చిత్రించినది. ఆ రోజులలో నేటి సూక్ష్మగ్రాహకమైన ఫిల్ము లేదు. కిటికీల నుండి వచ్చే పగటి వెలుగును నమ్ముకొని, కెమెరాను కదలకుండ నిలిపి, ఓపికగా పని చేయవలసి వచ్చేది. ఆ భవనం 2010లో హోటలుగా తెరువబడినది. ఒకప్పుడు దర్బారు ఆల్బముల కోసం తీయబడిన గదులనే నేడు అతిథులను ఆహ్వానించే ప్రకటనల కోసం తీస్తున్నారు. గదులు అవే, ప్రయోజనం మారినది.

దీన్‌దయాళ్ జీవితంలో మనం నేర్వవలసిన రెండవ విషయం కూడ ఉన్నది. పరదా పాటించే కుటుంబాల స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియోను ఏర్పాటు చేసినాడు. దానిని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించినది. పరపురుషుని కెమెరా ముందు నిలువలేని స్త్రీలకు తమ చిత్రం తీయించుకొనే అవకాశం దానితో కలిగినది. ఇంటి ఆచారాన్ని అడ్డంకిగా భావించి విసుగుకొనక, దానికి తగిన దారి వెదకుట ఆయన గొప్పతనం.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ అమెరికాలో కనిపిస్తుంది. న్యూయార్కులో జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత, 1887 ప్రాంతంలో కొత్తగా వచ్చిన మెగ్నీషియం మెరుపుపొడిని ఉపయోగించి పేదల ఇరుకు గదులను రాత్రివేళ చిత్రించినాడు. 1890లో ఆ చిత్రాల ఆధారంతో ఆయన వెలువరించిన పుస్తకం నగరపు కళ్ళు తెరిపించినది; పేదల గృహవసతిని బాగుచేయవలెనన్న ఉద్యమానికి బలమిచ్చినది. కాని ఆ గదులలో కొన్నింటిలోనికి ఆయన అకస్మాత్తుగా ప్రవేశించి మెరుపు మెరిపించినాడు. ఆ పొడి వలన నిప్పంటుకొన్న సందర్భాలు కూడ ఉన్నవి. ప్రయోజనం మంచిదే అయినా, నిద్ర నుండి ఉలిక్కిపడి లేచిన ఆ మనుష్యులను ముందుగా ఎవరూ అడగలేదు. ఈ రెండు ఉదాహరణలను విద్యార్థి పక్కపక్కన ఉంచుకొని ఆలోచించాలి.

ముఖచిత్రం వేరు, ప్రకటన వేరు

ఇంటి అలంకరణ కోసమే పత్రికలు వెలువడడం పాశ్చాత్య దేశాలలో 19వ శతాబ్దం చివర మొదలైనది. 'హౌస్ బ్యూటిఫుల్' 1896లో అమెరికాలో ఆరంభమైనది. నాటి నుండి నేటి వరకు ముఖచిత్రం చేసే పని ఒక్కటే: దూరం నుండి చూచినవానిని దగ్గరకు రప్పించడం. అందుకే ముఖచిత్రంలో ఒకే ఒక విషయం ఉండాలి. కిటికీ పక్కన ఒక కుర్చీ, లేక గూటిలో వెలిగే దీపం, లేక ఒక పాత దివాన్‌ఖానా మూల చాలు. చిత్రం నిలువుగా ఉండాలి. పై భాగంలో సుమారు నాలుగవ వంతు పత్రిక పేరు కోసం ఖాళీగా విడువాలి. శీర్షికలు అచ్చువేసే వైపున గోడ నిరాడంబరంగా ఉండాలి. ఎంత అందమైన చిత్రమైనా, అక్షరాలకు చోటు లేకపోతే సంపాదకుడు దానిని లోపలి పుటలకు పంపక తప్పదు.

ప్రకటన కోసం తీసే చిత్రాల సంగతి వేరు. అక్కడ ఒక్క బొమ్మ చాలదు. వీధి తలుపు నుండి మొదలుపెట్టి, వసారా, పడసాల, పడక గదులు, వంటిల్లు, స్నానాల గది, పెరడు అనే క్రమంలో, మనిషి నడచిన వరుసలోనే బొమ్మలు నడవాలి. ప్రతి గదినీ ఎదురెదురు మూలల నుండి రెండు సార్లు తీయాలి. ఏ తలుపు ఏ గదిలోనికి పోతుందో చూచేవానికి అర్థం కావాలి.

ముఖచిత్రం ఎంత ప్రసిద్ధమైనా అది కూర్చిన దృశ్యమేనని మరువరాదు. 1960లో లాస్ ఏంజిలిస్ నగరం మీదికి వ్రేలాడుచున్నట్లుండే ఒక గాజుల ఇంటిని జూలియస్ షుల్మన్ చిత్రించినాడు. వాస్తుశిల్పి పియర్ కోనిగ్ కట్టిన ఆ ఇల్లు ఈ ఒక్క చిత్రంతో లోకమంతటా తెలిసినది. లోపల కూర్చుని మాట్లాడుకొంటున్న ఇద్దరు యువతులు ఆ ఇంటివారు కారు. చిత్రం కోసం వచ్చి కూర్చున్నవారు. దిగువన నగరపు దీపాలు పట్టడానికి లెన్సును కొన్ని నిమిషాలు తెరచి ఉంచి, ఆ తరువాత గది లోపల ఫ్లాష్ వెలిగించి, రెండు వెలుగులనూ ఒకే ఫిల్ము మీద కలిపినాడు. ఇది కళ, ఇందులో తప్పు లేదు. కాని అదే స్వేచ్ఛను అద్దె ప్రకటనలో తీసుకొంటే అది మోసం అవుతుంది. ఏ చిత్రం ఏ పని కోసం తీస్తున్నామో ముందుగా తెలిసికొనడం అందుకే అవసరం.

మన ఇండ్ల వెలుగు

ఇక వెలుగు సంగతి. మన కడప జిల్లాలో వేసవి మధ్యాహ్నం ఎండలో సుమారు లక్ష లక్సుల వెలుగు ఉంటే, చిన్న కిటికీలున్న గది లోపల కొన్ని వందల లక్సులే ఉంటుంది. మన కన్ను రెండింటినీ సర్దుకొని చూడగలదు. కెమెరా అట్లు చూడలేదు. గది సరిగా వస్తే కిటికీ తెల్లని మంటవలె మాడిపోతుంది. కిటికీ సరిగా వస్తే గది బొగ్గు అవుతుంది. దీనికి సులభమైన ఉపాయం, లోపలి వెలుగూ బయటి వెలుగూ దగ్గరపడే వేళను ఎన్నుకొనడం. తెల్లవారిన తరువాత ఒక గంట, ప్రొద్దుగుంకే ముందు ఒక గంట అందుకు తగినవి. పులివెందుల పరిసరాలలో చీనీ తోటల నడుమ కట్టుకొన్న ఇండ్లకు ఈ నియమం మరీ ముఖ్యం. కిటికీలోని పచ్చదనమే ఆ ఇంటికి సగం అందం. ఆ వేళ కుదరకపోతే, కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండ ఉంచి, గది కోసం ఒకటి, కిటికీ కోసం ఒకటి తీసి, తరువాత రెండింటినీ కలపవచ్చును. ఇది షుల్మన్ చేసిన పనికి నేటి రూపమే.

రెండవ చిక్కు మన నేల నుండియే వచ్చినది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల సున్నపురాయి పొరల నుండి తీసే నల్లని బండలు కడప బండలన్న పేరుతో దేశమంతటా ప్రసిద్ధమైనవి. నేల మీద, వంటింటి గట్టు మీద, అరుగు మీద, అలమరల అరలలో, అన్నిచోట్లా అవే. ఈ నల్లరాయి వెలుగును మింగుతుంది. కెమెరాలోని కొలమానం తాను చూచే దృశ్యమంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు అని భావించి లెక్క కడుతుంది. నల్లబండలు చిత్రంలో ఎక్కువ భాగం ఆక్రమిస్తే, అది వెలుగు చాలలేదనుకొని ఎక్కువ వెలుగును లోనికి రానిస్తుంది. ఫలితంగా నిగనిగలాడే నల్లని నేల బూడిద పూసినట్లు వస్తుంది. సున్నం వేసిన తెల్లగోడ దగ్గర దీనికి విరుద్ధంగా జరుగుతుంది. తెల్లగోడ మాసినట్లు వస్తుంది. కాబట్టి నల్లనేల ఎక్కువగా ఉంటే వెలుగును ఒక మెట్టు తగ్గించాలి. తెల్లగోడ ఎక్కువగా ఉంటే ఒక మెట్టు పెంచాలి. ఈ ఒక్క సూత్రం తెలిసిన విద్యార్థి మన జిల్లా ఇండ్లను పొరుగు నగరాల నిపుణుల కంటె బాగా తీయగలడు.

నల్లబండకు ఒక సుగుణం కూడ ఉన్నది. తడిగుడ్డతో తుడిచి, కిటికీకి ఎదురుగా కెమెరా ఉంచితే, బండ అద్దంవలె వెలుగును తిరిగి ఇస్తుంది. అట్లు దొరికిన వెలుగు గది మూలలలోని చీకటిని మెత్తబరుస్తుంది.

మూడవది రంగుల తేడా. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్. పాత తంతు బల్బుల పసుపు వెలుగు సుమారు 2700. కొన్ని తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు 6500 వరకు ఉంటాయి. మూడూ ఒకే గదిలో వెలిగితే ఒక గోడ పచ్చగా, మరొక గోడ నీలంగా వస్తుంది. పగలు తీసేటప్పుడు దీపాలు ఆర్పివేయడం, రాత్రి తీసేటప్పుడు ఒకే రకపు దీపాలు వెలిగించడం మంచిది. ప్రొద్దుటూరు వంటి వ్యాపార పట్టణంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడి నగల దుకాణాలలో, బట్టల దుకాణాలలో దీపాలు సరకును మెరిపించడానికి అమర్చబడినవి. వాటి వెలుగులో ఇంటి రంగును నిర్ణయించరాదు.

కొలత తప్పరాదు

గదిని తీసేటప్పుడు కెమెరాను నిలబడిన మనిషి కంటి ఎత్తున కాక, సుమారు నాలుగు అడుగుల ఎత్తున ఉంచాలి. కెమెరా పైకి గాని క్రిందికి గాని వంగరాదు. వంగితే గోడలు ఒకదానిమీద ఒకటి కూలుచున్నట్లు కనిపిస్తాయి. తలుపు ద్వారబంధం నిట్టనిలువుగా ఉన్నదా అని చూచుకొన్న తరువాతనే మీట నొక్కాలి.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం విశాలమైన లెన్సుల వలన వస్తుంది. పూర్తి పరిమాణపు కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా సుమారు 74 డిగ్రీల మేర చూస్తుంది; 16 మిల్లీమీటర్లది సుమారు 97 డిగ్రీలు చూస్తుంది. ఎంత విశాలమైన లెన్సు వాడితే గోడను తాకి నిలువకుండ అంత దగ్గర నుండి గది మొత్తం తీయవచ్చును. అయితే ఒక చిన్న లెక్క చేయండి. రెండు సమానమైన కుర్చీలు ఎనిమిది అడుగుల ఎడంలో ఉన్నవి. ముందరి కుర్చీకి రెండు అడుగుల దూరంలో నిలిచి తీస్తే, వెనుక కుర్చీ పది అడుగుల దూరంలో ఉండి అయిదవ వంతుగా కనిపిస్తుంది. ఆరు అడుగుల దూరం నుండి తీస్తే వెనుకది పదునాలుగు అడుగులలో ఉండి, సగానికి కొంచెం తక్కువగా కనిపిస్తుంది. మొదటి బొమ్మలో గది కల్యాణమండపంవలె ఉంటుంది. రెండవదానిలో గది గదివలె ఉంటుంది. కుర్చీలు మాత్రం కదలలేదు.

కొన్ని సంవత్సరాల క్రిందట మా బంధువొకరు మరొక ఊరిలో ఇల్లు అద్దెకు తీసికొన్నారు. ఫోనులో వచ్చిన బొమ్మలలో పడక గది ఎంతో పెద్దదిగా ఉన్నది. నమ్మి బయానా పంపినారు. సామాను బండితో సహా వెళ్ళి చూస్తే, రెండు మంచాలు వేసిన తరువాత నడుమ మనిషి నడవడానికి చోటు లేదు. వృద్ధురాలైన తల్లికి ఆ గదిలో చక్రాల కుర్చీ తిరగదని అప్పుడు తెలిసినది. బయానా తిరిగి రావడానికి చాల నెలలు పట్టినది. బొమ్మ తీసినవాడు ఒక్క అబద్ధపు మాట కూడ వ్రాయలేదు. లెన్సు చేత చెప్పించినాడు.

చట్టం ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోని అసత్యాన్ని గాని, చూపిన నమూనా ఇంటిని గాని నమ్మి డబ్బు చెల్లించి నష్టపోయినవానికి నిర్మాణదారుడు పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు వైదొలగదలచితే కట్టిన సొమ్మును వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. గోడల నడుమ వాస్తవంగా వాడుకొనగల నేల ఎంతో తెలుపుటకు కార్పెట్ వైశాల్యం అనే మాటకు కూడ ఆ చట్టం నిర్వచనం ఇచ్చినది. ఒకే ఇంటి అద్దె ప్రకటన వంటి చిన్న వ్యవహారాలు ఈ చట్టం పరిధిలోనికి రాకపోవచ్చును. అంత మాత్రాన ధర్మం మారదు. ప్రతి గది బొమ్మ క్రింద పొడవు, వెడల్పు అడుగులలో వ్రాయుట అన్నిటికంటె సులభమైన నిజాయితీ.

ఇంటిని సర్దవచ్చును, దాచరాదు. చెప్పులు, బకెట్టు, ఆరవేసిన బట్టలు తీసివేయవచ్చును. అవి రేపు ఉండవు. గోడ పగులు, మిద్దె కారిన మరక, కిటికీకి అడ్డంగా ఉన్న పొరుగు గోడ చెరిపివేయరాదు. అవి రేపు కూడ ఉంటాయి. నేడు కంప్యూటరు ఖాళీ గదిలో సోఫాలు, తెరలు, పూలకుండీలు సృష్టించి పెట్టగలదు. అట్లు చేసినప్పుడు ఆ సంగతి బొమ్మ మీదనే స్పష్టంగా వ్రాయాలి.

మర్యాద

ఇల్లు బజారు కాదు. ఇతరుల ఇంట ప్రవేశించే ముందు అనుమతి కోరి, సలాము చెప్పి, రమ్మంటేనే లోనికి పోవలెననే నియమం ఖురానులో నూర్ అనే అధ్యాయంలో ఉన్నది. నూర్ అంటే వెలుగు. వెలుగుతో పని చేసేవారు ఈ మాటను మరువరాదు. మన దేశపు అత్యున్నత న్యాయస్థానం కూడ 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది.

ఆచరణలో దీని అర్థం ఏమి? ముందుగా ఇంటి యజమానితోనే కాక ఇంటిలోని ఆడవారితో కూడ, లేక వారి తరపున మాట్లాడేవారితో, ఏ గది తీయవచ్చునో, ఏది తీయరాదో అడగాలి. అద్దెకు ఉన్నవారి ఇంటిని ఇంటి యజమాని చెప్పినంత మాత్రాన తీయరాదు. మనుష్యులు చిత్రంలో ఉండనవసరం లేదు. గోడ మీది కుటుంబ చిత్రాలు, పిల్లల బడి పత్రాలు, మందుల సీసాలు, బీరువా తాళాలు, తలుపు గొళ్ళాల వివరాలు బొమ్మలో రాకుండ చూడాలి. ప్రొద్దుటూరులో బంగారు వ్యాపారుల ఇండ్లను తీసేటప్పుడు ఇది భద్రతకు సంబంధించిన విషయం కూడ. ఫోనుతో తీసిన బొమ్మలో ఇల్లు ఎక్కడ ఉన్నదో తెలిపే వివరం దాగి ఉండవచ్చును. బయటికి పంపే ముందు దానిని తొలగించాలి.

హక్కుల సంగతి కూడ వ్రాసుకొనుట మేలు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టం 17వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి ఒకరు కోరి తీయించుకొన్న ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించినవారే మొదటి హక్కుదారులు. ఇల్లు అమ్మడానికి తీసిన బొమ్మను తరువాత పత్రికకు పంపదలచితే మరల అడగవలసినదే.

జమ్మలమడుగు సమీపాన ఒక గ్రామంలో పాత మిద్దె ఇంటిని చిత్రించడానికి ఒకసారి నేను, ఇద్దరు విద్యార్థులు వెళ్ళినాము. ఆ ఇంటి అవ్వ బయటి గది, వంటిల్లు చూపి, లోపలి గది వద్దన్నది. సరేనన్నాము. ఒక విద్యార్థి గది పెద్దదిగా కనపడాలని మూలలోని గాదెను, గోడనున్న ఉట్టిని తీసివేయవచ్చునా అని అడిగినాడు. ఆమె నవ్వి, "ఇల్లు చిన్నగా పడినా పర్వాలేదు నాయనా, చూసినోళ్ళకు ఇది మా ఇల్లేనని తెలియాల" అన్నది. ఆనాడు ఆమె చెప్పిన దానికంటె మంచి నియమం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

అభ్యాసం

విద్యార్థులు మొదట తమ ఇంటిలోనే ఒక గదిని ఎన్నుకొనాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం ఒకే చోటి నుండి మూడు చిత్రాలు తీసి, నేల రంగు, గోడ రంగు ఏ చిత్రంలో నిజంగా ఉన్నవో పోల్చాలి. తరువాత టేపుతో గదిని కొలిచి, ఆ కొలతలు తెలియని మిత్రునికి చిత్రం చూపి, గది ఎంత ఉంటుందని అడగాలి. అతడు చెప్పిన కొలతకూ అసలు కొలతకూ తేడా చాల ఎక్కువగా ఉంటే, ఆ చిత్రం తిరిగి తీయాలి. పిమ్మట గండికోటలోని ధాన్యాగారం వంటి పెద్ద చీకటి శాలలో వెలుగు ఎట్లు నడుస్తుందో పోయి చూడాలి. అక్కడ ట్రైపాడ్ వాడదలచితే సంబంధిత అధికారుల అనుమతి ముందుగా అడగాలి.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. మిద్దె ఇండ్లు ఏటేటా కూలిపోయి, వాటి స్థానంలో సిమెంటు కప్పులు లేచుచున్నవి. గవాచి, దంతెలు, దీపపు గూళ్ళు, దివాన్‌ఖానాలు కొంతకాలానికి మాటలుగా కూడ మిగులవు. ఇంటివారి అనుమతితో మన విద్యార్థులు ఈ మూడు ఊళ్ళ పరిసరాలలో మిగిలిన పాత ఇండ్ల లోపలి భాగాలను కొలతలతో సహా చిత్రించి, ఉర్దూ, తెలుగు భాషలలో వివరాలు వ్రాసి, గ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు జరిగితే బాగుండును. ఇంటివారికి ఒక ప్రతి ఇవ్వడం మాత్రం మరువరాదు.

ముఖచిత్రం నెల రోజులు అంగడిలో ఉంటుంది. ప్రకటన ఇల్లు అమ్ముడుపోయేవరకు ఉంటుంది. ఇంటివారు ఆ ఇంటిలో ఒక జీవితం గడుపుతారు. ఈ తేడాను మనసులో ఉంచుకొని తలుపు తట్టే విద్యార్థి మంచి చిత్రాన్ని తేగలడు. మరుసటిసారి పోయినప్పుడు ఆ తలుపు అతనికి మళ్ళీ తెరువబడుతుంది.